జీవిత భాగస్వామి వలస స్పాన్సర్‌షిప్ (అమెరికా)

ఒక దేశంలో పౌరసత్వం గానీ శాశ్వత నివాస హక్కు గానీ ఉన్న వ్యక్తి తన విదేశీ భార్యను లేదా భర్తను అక్కడ స్థిరపడేందుకు రప్పించుకోవాలంటే ప్రభుత్వానికి పిటిషన్ వేయాలి, పెళ్లి నిజమైనదని రుజువు చేయాలి, పోషణకు హామీ పడాలి. ఈ ప్రక్రియను జీవిత భాగస్వామి స్పాన్సర్‌షిప్ అంటారు. పిటిషన్ వేసేవారు స్పాన్సర్, ఎవరి కోసం వేస్తారో వారు లబ్ధిదారు. ఈ వ్యాసం అమెరికా సంయుక్త రాష్ట్రాల విధానాన్ని, ముఖ్యంగా దంపతులు విడిగా ఉండాల్సిన కాలాన్ని నిర్ణయించే నియమాలను వివరిస్తుంది.

ఆ కాలం ఎంతన్నది ప్రధానంగా మూడు విషయాలను బట్టి తేలుతుంది. పిటిషన్ వేసేనాటికి స్పాన్సర్ హోదా ఏమిటి, ఆ హోదా రాకముందు పెళ్లయిందా వచ్చాక అయిందా, లబ్ధిదారు అప్పటికి అమెరికాలో ఉన్నారా బయట ఉన్నారా. కాగితాలు ఎంత పకడ్బందీగా ఉన్నా ఈ మూడింటి తర్వాతే. దీని ఫలితం ఒక్కోచోట తలకిందులుగా కనిపిస్తుంది: తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్న వ్యక్తి భార్య కొన్ని వారాల్లోనో నెలల్లోనో వెళ్లి భర్తను చేరుకోవచ్చు, శాశ్వత నివాసి భార్య మాత్రం ఏళ్ల తరబడి ఆగాలి.

చరిత్ర

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో అమెరికా చట్టం విదేశీయులను పెళ్లాడిన సొంత పౌరురాళ్లనే శిక్షించింది. 1907 చట్టం ప్రకారం విదేశీయుడిని పెళ్లి చేసుకున్న అమెరికన్ మహిళ పౌరసత్వం కోల్పోయేది. 1915లో మెకెంజీ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. 1922 నాటి కేబుల్ చట్టం దాన్ని సడలించింది గానీ, పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులను పెళ్లాడినవారికి ఆ సడలింపు దక్కలేదు. మరుసటి ఏడాదే భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులను ఆ అనర్హుల జాబితాలో చేర్చింది. జాతీయోద్యమకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లి చేసుకున్న అమెరికన్ మహిళ మేరీ అలా పౌరసత్వం పోగొట్టుకున్నారు. ఈ నిబంధన 1931లో తొలగింది.

భారతదేశం నుంచి భార్యలు వెళ్లే దారి 1917 చట్టంతో మూసుకుపోయింది. ఆసియాలో అధిక భాగాన్ని ఆ చట్టం నిషిద్ధ మండలంగా ప్రకటించింది. అంతకుముందు కాలిఫోర్నియా చేరిన పంజాబీ రైతుల్లో పలువురు స్వదేశంలోని భార్యలను తెచ్చుకోలేకపోయారు. పెళ్లికానివారిలో కొందరు అక్కడి మెక్సికన్ స్త్రీలను పెళ్లాడి స్థిరపడ్డారు. 1946 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వార్హతను, ఏడాదికి 100 మంది కోటాను ఇచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం భాగస్వాముల వలసకు ప్రత్యేక స్థానం కల్పించింది. విదేశాల్లో పెళ్లి చేసుకున్న సైనికుల భార్యలను, పిల్లలను త్వరగా రప్పించడానికి 1945 డిసెంబరులో యుద్ధ వధువుల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది సైనికులకు కాబోయే భాగస్వాములకూ తాత్కాలికంగా ప్రవేశం కల్పించారు. 1952 నాటి వలస, జాతీయత చట్టం భార్య, భర్త అనే తేడా తీసేసింది. 1965 సవరణలు జాతీయతల కోటాలను రద్దు చేసి, పౌరుల జీవిత భాగస్వాములను సంఖ్యా పరిమితి లేని సన్నిహిత బంధువుల వర్గంలో ఉంచాయి. తెలుగు వైద్యులు, ఇంజినీర్లు అమెరికాకు చెప్పుకోదగ్గ సంఖ్యలో వెళ్లడం ఆ సవరణల తర్వాతే. 1990 చట్టం హెచ్-1బీ వీసాను ఏర్పరచాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వలస పుంజుకుంది.

తర్వాతి చట్టాల్లో కొన్ని తలుపు బిగించాయి, కొన్ని తెరిచాయి. 1986 నాటి వివాహ మోసాల నిరోధక సవరణలు కొత్త దంపతులకు రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డును తెచ్చాయి. 1996 చట్టం ఆర్థిక హామీని కోర్టులో అమలయ్యే ఒప్పందంగా మార్చింది. అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి వెళ్లినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవారికి పదేళ్లు పునఃప్రవేశ నిషేధం పెట్టింది. 2000 డిసెంబరులో వచ్చిన లైఫ్ చట్టం ఎడబాటును తగ్గించడాన్నే లక్ష్యంగా పెట్టుకుని కే-3, వీ వీసాలను సృష్టించింది. 2013 జూన్‌లో సుప్రీంకోర్టు విండ్సర్ కేసులో ఇచ్చిన తీర్పుతో స్వలింగ దంపతులకూ స్పాన్సర్‌షిప్ వర్తించింది.

స్పాన్సర్ హోదా - మార్గాలు

*పౌరుల భాగస్వాములు.* పౌరుడు లేదా పౌరురాలు వలస దరఖాస్తులు పరిశీలించే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఐ-130 పిటిషన్ వేస్తారు. వీసా సంఖ్యకు పరిమితి లేదు కాబట్టి వరుస ఉండదు. నిరీక్షణంతా పరిశీలనకు పట్టే సమయమే. అయితే విదేశంలో ఉన్న భాగస్వామికి ఆ సమయం ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం మీద ఏడాది దాటుతోంది. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1 వీసా మీద రెండేళ్ల కార్డు, నిండితే ఐఆర్-1 మీద పదేళ్ల కార్డు వస్తాయి. రెండేళ్ల కార్డు గడువు ముగిసేముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తుతో షరతు తొలగించుకోవాలి. పెళ్లయిన రెండేళ్లకు ఒకటి రెండు వారాల ముందు వీసా చేతికొచ్చినవారు ప్రయాణం కాస్త వాయిదా వేసుకుంటే ఆ రెండో విడత దరఖాస్తు తప్పుతుంది.

*కాబోయే భాగస్వాములు.* కే-1 వీసా 1970 చట్టంతో వచ్చింది. పౌరులు మాత్రమే దీనికి పిటిషన్ వేయగలరు, గ్రీన్‌కార్డుదారులు వేయలేరు. అమెరికా వచ్చిన 90 రోజుల్లో పిటిషన్ వేసిన వ్యక్తినే పెళ్లి చేసుకోవాలి, ఆ తర్వాత ఐ-485తో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయాలి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా స్వయంగా కలుసుకుని ఉండాలి. పెళ్లికి ముందు కలవకూడదన్న కట్టుబాటు ఆచారంలో ఖచ్చితంగా ఉందని నిరూపిస్తే మినహాయింపు ఉంది గానీ, పెళ్లిచూపులు ఆనవాయితీ అయిన తెలుగు కుటుంబాలకు అది వర్తించడం కష్టం. ఐ-130 కన్నా కే-1 త్వరగా తేలిన కాలాలు ఉన్నాయి, తేడా పెద్దగా లేని కాలాలూ ఉన్నాయి. పైగా సీఆర్-1 మీద వచ్చినవారు దిగిన రోజునుంచే ఉద్యోగం చేయవచ్చు, స్వదేశానికి వెళ్లి రావచ్చు. కే-1 మీద వచ్చినవారు పని అనుమతి, ప్రయాణ అనుమతి చేతికొచ్చేదాకా ఆగాలి. పెళ్లి సాధ్యంకాని జంటలకు మాత్రం ఈ వీసా ముఖ్యం. 2023 అక్టోబరులో భారత సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు నిరాకరించాక, భారత్‌లో పెళ్లి చేసుకునే వీలులేని స్వలింగ జంటకు ఉన్న దారులు రెండే: మరో దేశంలో పెళ్లి చేసుకోవడం లేదా కే-1.

*కే-3, వీ వీసాలు.* ఐ-130 నడుస్తుండగానే భాగస్వామిని ముందుగా రప్పించడానికి కే-3ని ఉద్దేశించారు. కానీ ఐ-130 ముందే ఆమోదం పొందితే కే-3 దరఖాస్తును మూసేస్తారు, సాధారణంగా జరిగేది అదే. వీ వీసా శాశ్వత నివాసుల భాగస్వాములకు నిజంగా ఉపయోగపడింది. అయితే 2000 డిసెంబరు 21 నాటికే పిటిషన్ దాఖలై, మూడేళ్లు నిరీక్షించినవారికే అది పరిమితం. ఆ తేదీని తర్వాత ఎప్పుడూ పొడిగించలేదు.

*శాశ్వత నివాసుల భాగస్వాములు.* గ్రీన్‌కార్డుదారుల భాగస్వాములు కుటుంబ వలసలోని ఎఫ్‌2ఏ వర్గంలోకి వస్తారు. ఎఫ్‌2 మొత్తానికి ఏటా 1,14,200 వీసాలు, అందులో 77 శాతం ఎఫ్‌2ఏకు కేటాయించారు. వాటిలోనూ నాలుగింట మూడు వంతులకు దేశాలవారీ పరిమితి లేదు. అందుకే ఉద్యోగ వర్గాల్లో దశాబ్దాలు వెనకబడిన భారతీయులు ఇక్కడ దాదాపు మిగతా దేశాలతో సమానంగా నిలబడతారు. వరుస పొడవు కాలాన్ని బట్టి మారుతుంది. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా ఈ వర్గం ‘కరెంట్’గానే ఉంది, అంటే వీసా సంఖ్య కోసం ఎదురుచూపు లేదు. 2023 ఏప్రిల్‌లో వరుస తిరిగి వచ్చి, నిరీక్షణ మళ్లీ సంవత్సరాల్లోకి వెళ్లింది.

*తాత్కాలిక ఉద్యోగుల భాగస్వాములు.* హెచ్-1బీ ఉద్యోగి భార్యకు లేదా భర్తకు హెచ్-4 వీసా వస్తుంది. ఇది వలస వీసా కాదు. విడిగా పిటిషన్ అక్కర్లేదు, కోటా లేదు. పెళ్లి సర్టిఫికెట్, ఫొటోలు, భర్త లేదా భార్య ఉద్యోగ పత్రాలతో హైదరాబాద్ కాన్సులేట్‌లోనే ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. పెళ్లయిన కొద్ది నెలల్లో దంపతులు కలిసే మార్గం కాబట్టి తెలుగువారిలో దీని వాడకం విస్తృతం. దీని పరిమితి ఉద్యోగ హక్కు. హెచ్-4 మీద ఉన్నవారు చదువుకోవచ్చు, పని చేయకూడదు. 2015 మే 26 నుంచి, హెచ్-1బీ భాగస్వామికి ఐ-140 (ఉద్యోగ గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం పొంది ఉంటే లేదా ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు మీద ఉంటే ఈఏడీ అనే పని అనుమతి పత్రానికి దరఖాస్తు చేయవచ్చు. కంపెనీ బదిలీ మీద వెళ్లిన ఎల్-1 ఉద్యోగుల భాగస్వాములకు 2021 నవంబరు నుంచి ప్రత్యేక పత్రం లేకుండానే పని హక్కు ఉంది. ఎఫ్-1 విద్యార్థుల భాగస్వాములకు ఆ హక్కు అసలు లేదు.

పెళ్లి తేదీ, గ్రీన్‌కార్డు తేదీ

ఈ అంశం మొత్తంలో అతి ఎక్కువ ఎడబాటుకు కారణమయ్యేది, ముందే తెలిస్తే చాలావరకు తప్పించుకోగలిగేది ఇదే.

ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు పొందే వ్యక్తికి ఆ కార్డు ఆమోదం పొందే రోజుకు పెళ్లయి ఉంటే, భాగస్వామికి కూడా అదే వర్గంలో, అదే ప్రయారిటీ డేట్‌తో (వరుసలో స్థానాన్ని నిర్ణయించే తేదీ) శాశ్వత నివాసం లభిస్తుంది. ఇద్దరూ అమెరికాలో ఉంటే కలిసి ఐ-485 వేయవచ్చు. భాగస్వామి భారత్‌లో ఉండిపోయినా ‘ఫాలోయింగ్ టు జాయిన్’ అనే ఏర్పాటు కింద తర్వాత రావచ్చు. అందుకు ఐ-824 దరఖాస్తుతో కేసును కాన్సులేట్‌కు పంపించాలి. ఐ-130 అవసరం లేదు, ఎఫ్‌2ఏ వరుస లేదు. అయితే భాగస్వామికి వీసా ఇచ్చే నాటికి ఆ ఉద్యోగ వర్గం ప్రయారిటీ డేట్ కరెంట్‌గా ఉండాలి. అది వెనక్కి జరిగితే మళ్లీ ముందుకు వచ్చేదాకా ఆగాలి.

కార్డు ఆమోదం పొందిన మర్నాడు పెళ్లయితే ఇవేవీ వర్తించవు. కార్డు వచ్చిన వ్యక్తి ఇక హెచ్-1బీలో లేరు కనుక భార్యకు హెచ్-4 రాదు. మిగిలేది ఎఫ్‌2ఏ. సందర్శక వీసాకు, విద్యార్థి వీసాకు దరఖాస్తు చేస్తే, స్వదేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని అధికారిని ఒప్పించాలి. అమెరికాలో స్థిరపడ్డ భర్త ఉన్న స్త్రీకి అది సులభం కాదు. ఒక్క రోజు తేడా రెండు మూడేళ్ల ఎడబాటుగా మారిన కుటుంబాలు ఉన్నాయి.

అందుకే తెలుగు కుటుంబాల్లో అమెరికా సంబంధం చూసేటప్పుడు అబ్బాయి లేదా అమ్మాయి వీసా హోదా, ప్రయారిటీ డేట్ కూడా మాటల్లోకి వస్తాయి. డేట్ కరెంట్ కాబోతోందని తెలిసి ముహూర్తాన్ని ముందుకు జరపడం, పెళ్లి రిజిస్ట్రేషన్ ముందే చేయించి వేడుక తర్వాత జరపడం, పెళ్లయ్యేదాకా ఐ-485 వేయకుండా ఆగడం అన్నీ చట్టబద్ధమే. రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు గమనించాల్సింది ఒకటుంది. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అప్పటికే శాస్త్రోక్తంగా జరిగిన పెళ్లిని నమోదు చేస్తుంది. అది పెళ్లికి ప్రత్యామ్నాయం కాదు. తంతు లేకుండా కాగితం మీద సంతకాలు మాత్రమే ఉంటే ఆ పెళ్లి చెల్లుబాటే ప్రశ్నార్థకమవుతుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే రిజిస్ట్రార్ ముందు జరిగేదే పెళ్లి, కానీ దానికి 30 రోజుల నోటీసు ఉండాలి. ఇద్దరిలో ఒకరు దూరంగా ఉండి వీడియోలో లేదా ప్రతినిధి ద్వారా చేసుకున్న పెళ్లిని, ఆ తర్వాత దంపతులు కలిసి కాపురం చేస్తే తప్ప, అమెరికా వలస చట్టం గుర్తించదు.

భారత్ వెలుపల పుట్టిన భాగస్వామి ఉంటే మరో మార్గం తెరుచుకుంటుంది. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితిని పాస్‌పోర్టును బట్టి కాక పుట్టిన దేశాన్ని బట్టి లెక్కిస్తారు, దంపతులు ఒకరి పుట్టిన దేశాన్ని ఇంకొకరు వాడుకోవచ్చు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో పనిచేస్తున్నప్పుడు కువైట్‌లోనో సౌదీలోనో పుట్టిన తెలుగు అమ్మాయిని పెళ్లాడిన వ్యక్తి ఈ నియమంతో భారత వరుస నుంచి బయటపడగలడు.

గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లయినవారికి ఉన్న ప్రధాన ఉపశమనం పౌరసత్వం. సాధారణంగా కార్డు వచ్చిన ఐదేళ్లకు అర్హత వస్తుంది, 90 రోజులు ముందే దరఖాస్తు వేయవచ్చు. ప్రమాణం చేసిన రోజు నుంచి ఎఫ్‌2ఏ పిటిషన్ సన్నిహిత బంధువుల వర్గంలోకి మారి వరుస తొలగిపోతుంది. అయితే ఎఫ్‌2ఏలో తల్లితో పాటు అదే పిటిషన్‌పై వచ్చే పిల్లలకు సన్నిహిత బంధువుల వర్గంలో ఆ వెసులుబాటు లేదు. వారికి విడిగా ఐ-130 వేయాలి. ఇది తెలియక తల్లికి వీసా వచ్చి బిడ్డకు రాని పరిస్థితి ఏర్పడవచ్చు.

దరఖాస్తు నడిచే క్రమం

ఐ-130ని యూఎస్‌సీఐఎస్ ఆమోదించాక కేసు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని జాతీయ వీసా కేంద్రానికి (ఎన్‌వీసీ) వెళ్తుంది. అక్కడ రుసుములు కట్టి, డీఎస్-260 దరఖాస్తు, ఆర్థిక హామీ, పౌర పత్రాలు సమర్పించాలి. అన్నీ సరిపోయాయని తేలాక ఇంటర్వ్యూ తేదీ వస్తుంది. భారతదేశంలో వలస వీసా ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబై కాన్సులేట్‌లో జరుగుతాయి. హెచ్-4కు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినవారే గ్రీన్‌కార్డు వీసాకు ముంబై ప్రయాణం కట్టాలి. ఇంటర్వ్యూకు ముందు కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గర పరీక్ష చేయించుకోవాలి. 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఐ-130 రుసుము కాగితం మీద 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625 డాలర్లు. ఐ-485 రుసుము 1,440 డాలర్లు.

*ఆర్థిక హామీ.* ఐ-864 పత్రంలో స్పాన్సర్ తన కుటుంబ సంఖ్యకు తగ్గ పేదరిక ప్రమాణంలో 125 శాతం ఆదాయం చూపాలి. క్రియాశీల సైనికులకు 100 శాతం చాలు. 2025 ప్రమాణాల్లో అలాస్కా, హవాయి కాక మిగతా రాష్ట్రాల్లో ఇద్దరున్న కుటుంబానికి ఇది 26,437 డాలర్లు. ఆదాయం తక్కువైతే మరో పౌరుడు లేదా శాశ్వత నివాసి ఉమ్మడి స్పాన్సర్‌గా నిలవవచ్చు, లేదా ఆస్తులు చూపవచ్చు. ఈ హామీ విడాకులతో ముగియదు. లబ్ధిదారు పౌరసత్వం పొందడం, 40 త్రైమాసికాల పని పూర్తి చేయడం, దేశం విడిచిపోవడం, మరణం వంటి సందర్భాల్లోనే ముగుస్తుంది. స్పాన్సర్‌కు అమెరికాలో స్థిర నివాసం ఉండాలన్నది మరో షరతు. భార్యతో ఉండటానికి హైదరాబాద్ లేదా విజయవాడ వచ్చేసిన పౌరుడు, తిరిగి అమెరికాలో కాపురం పెడుతున్నట్టు ఆధారాలు చూపి దీన్ని తీర్చవచ్చు.

*పత్రాలు.* ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం పెళ్లి నమోదును తప్పనిసరి చేయడంతో కొత్త దంపతులకు వివాహ ధ్రువపత్రం పెద్ద సమస్య కాదు. ఇబ్బంది జనన ధ్రువపత్రంతో వస్తుంది. పుట్టినప్పుడు నమోదు కాని వారు, పేరు రాయకుండా నమోదైన వారు, ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉన్నవారు చాలామంది. నమోదు లేదన్న ధ్రువీకరణ, తల్లిదండ్రుల అఫిడవిట్లు, పదో తరగతి సర్టిఫికెట్ ప్రత్యామ్నాయాలుగా పనికొస్తాయి. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్స్ కూడా కావాలి. ఈ పత్రాలను ఎన్‌వీసీ అడిగేదాకా ఆగక, పిటిషన్ పరిశీలనలో ఉండగానే సమకూర్చుకున్నవారికి నెలలు కలిసొస్తాయి.

*నిజమైన పెళ్లి అన్న రుజువు.* గ్రీన్‌కార్డు కోసమే చేసుకున్న పెళ్లి కాదని చూపే బాధ్యత దంపతులదే. పెళ్లి ఫొటోలు, రెండు కుటుంబాల ప్రయాణ టికెట్లు, ఫోన్ సంభాషణల రికార్డు, ఉమ్మడి ఖాతాలు, నామినీగా పేరు ఇవన్నీ ఆధారాలే. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ముందు పరిచయం తక్కువ కావడం దానంతట అదే లోపం కాదు. పెళ్లి తర్వాతి రాకపోకలే ఎక్కువ బరువు తూగుతాయి.

ఎడబాటు తగ్గించే చట్టబద్ధ ఏర్పాట్లు

లబ్ధిదారు అప్పటికే హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసా మీద అమెరికాలో ఉండి పౌరుడిని లేదా పౌరురాలిని పెళ్లి చేసుకుంటే ఐ-130, ఐ-485 రెండూ ఒకేసారి వేయవచ్చు. ఎడబాటే ఉండదు. వీసా గడువు దాటినా, తనిఖీ అయి చట్టబద్ధంగా ప్రవేశించి ఉంటే పౌరుల భాగస్వాములకు ఆ దోషం అడ్డు కాదు. గ్రీన్‌కార్డుదారుల భాగస్వాములకు ఈ క్షమ లేదు. ప్రయారిటీ డేట్ కరెంట్ అయ్యేదాకా వారు సొంత హోదాను నిలుపుకోవాలి. ఐ-485 నడుస్తుండగా ప్రయాణ అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. చెల్లుబాటయ్యే హెచ్ లేదా ఎల్ హోదాలో ఉన్నవారికి మినహాయింపు ఉంది.

సందర్శక వీసా మీద వచ్చి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయాలన్న ఆలోచన ప్రమాదకరం. ప్రవేశించేటప్పుడు ఉద్దేశాన్ని దాచారని తేలితే అది తప్పుడు ప్రకటన కిందకు వస్తుంది. దాని ఫలితం ప్రవేశంపై జీవితకాల నిషేధం. వచ్చిన 90 రోజుల్లో వీసాకు విరుద్ధమైన పని చేస్తే దురుద్దేశం ఉందని కాన్సులర్ అధికారులు భావించవచ్చు. పిటిషన్ నడుస్తుండగా భార్య కొద్దిరోజులు చూసి వెళ్లడానికి రావడం మాత్రం నిషిద్ధం కాదు. వీసా ఇవ్వడం అధికారి విచక్షణ. పిటిషన్ సంగతి అడిగినప్పుడు దాచకూడదు.

స్పాన్సరే భాగస్వామి దగ్గరకు రావడం పౌరులకు సమస్య కాదు. గ్రీన్‌కార్డుదారులు ఏడాదికి మించి అమెరికా బయట ఉండదలిస్తే వెళ్లకముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, అది రెండేళ్లు చెల్లుతుంది. దీర్ఘకాలం బయట ఉంటే పౌరసత్వానికి కావాల్సిన నివాస లెక్క తెగిపోయి, ఎడబాటును ముగించే ఆ మార్గమే దూరమవుతుంది. విదేశంలో ఉన్న పౌరులకు సైనిక బదిలీ, వైద్య అత్యవసరం, ఉద్యోగరీత్యా హఠాత్తుగా స్వదేశానికి మారాల్సి రావడం వంటి అసాధారణ పరిస్థితుల్లో కాన్సులేట్ నేరుగా ఐ-130 తీసుకునే వీలుంది.

అనుమతి లేకుండా ఉన్నందుకు నిషేధం పొంచి ఉన్నవారికి 2013 మార్చి నుంచి ఐ-601ఏ మినహాయింపు ఉంది. అంతకుముందు దేశం విడిచి, బయట నెలలో ఏళ్లో నిర్ణయం కోసం వేచి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు అమెరికాలో ఉండగానే మినహాయింపు పొంది, ఇంటర్వ్యూకు మాత్రం స్వదేశం వెళ్లి రావచ్చు. 2024 ఆగస్టులో పౌరుల భాగస్వాములకు దేశంలోనే క్రమబద్ధీకరణ కల్పించేందుకు ప్రభుత్వం మొదలుపెట్టిన పథకాన్ని టెక్సస్ ఫెడరల్ కోర్టు అదే ఏడాది నవంబరులో కొట్టేసింది.

ఎంత ముందుచూపు ఉన్నా ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల వచ్చే ఎడబాటును తప్పించలేని సందర్భాలు ఉంటాయి. 2020 ఏప్రిల్ ఉత్తర్వు పౌరుల భాగస్వాములను మినహాయించి, గ్రీన్‌కార్డుదారుల భాగస్వాముల ప్రవేశాన్ని ఆపేసింది. అది 2021 ఫిబ్రవరిలో రద్దయింది. 2020 జూన్ ఉత్తర్వు కొత్త హెచ్-1బీ, హెచ్-4 ప్రవేశాలను 2021 మార్చి చివరిదాకా నిలిపివేసింది. 2025 డిసెంబరు 15 నుంచి ఈ రెండు వర్గాలవారి సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన మొదలవడంతో భారత్‌లో ఇంటర్వ్యూలు నెలల పాటు వాయిదా పడ్డాయి. పెళ్లికో పండక్కో వచ్చి పాస్‌పోర్టులో వీసా ముద్ర (స్టాంపింగ్) కోసం ఆగినవారు ఇక్కడే చిక్కుకున్నారు.

ఆధారిత హోదాలో రక్షణలు

త్వరగా కలిసే మార్గమైన హెచ్-4కు మూల్యం ఉంది. హోదా మొత్తం భర్త లేదా భార్య ఉద్యోగం మీద ఆధారపడుతుంది. ఉద్యోగం పోయినా, విడాకులైనా, మరణించినా అది పోతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ విద్వేష హత్యకు గురైనప్పుడు ఆయన భార్య నివాస హోదా కూడా ప్రశ్నార్థకమైంది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ చొరవతో ఆమెకు తిరిగి వీసా దక్కింది. పౌరుల వితంతువులకు రెండేళ్లలోపు సొంతంగా పిటిషన్ వేసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద, పౌరుడు లేదా గ్రీన్‌కార్డుదారు హింసిస్తే భాగస్వామి వారి ప్రమేయం లేకుండా పిటిషన్ వేసుకోవచ్చు. రెండేళ్ల కార్డు ఉన్నవారు హింస లేదా విడాకుల కారణంగా ఐ-751ని ఒంటరిగా వేయవచ్చు. పెళ్లి చేసుకుని, తీసుకెళ్తానని చెప్పి భార్యను భారత్‌లోనే వదిలేసిన కేసులకు ఈ అమెరికా చట్టాలేవీ జవాబు చెప్పవు. వారి విషయంలో భారతీయ చట్టాలే దిక్కు. ప్రవాస భారతీయుల పెళ్లిళ్ల నమోదుపై 2019లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టారు.

న్యాయస్థానాల వైఖరి

భాగస్వామితో స్వదేశంలో కలిసి ఉండే హక్కు పౌరులకు రాజ్యాంగపరంగా ఉందా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2015లో కెర్రీ-దిన్ కేసులో స్పష్టంగా తేల్చలేదు. 2024 జూన్ 21న మునోజ్ కేసులో లేదని చెప్పింది. ఎల్ సాల్వడార్‌కు చెందిన భర్తకు వీసా నిరాకరించినందుకు పౌరురాలు వేసిన దావా అది. పెళ్లి ప్రాథమిక హక్కే గానీ, విదేశీ భాగస్వామికి ప్రవేశం కోరే ప్రాథమిక హక్కు పౌరులకు లేదని మెజారిటీ అభిప్రాయం. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని సవాలు చేసే అవకాశం దీంతో మరింత కుంచించుకుపోయింది.

ఇతర దేశాల విధానాలు

కెనడాలో పౌరులకు, శాశ్వత నివాసులకు ఒకే రకమైన స్పాన్సర్‌షిప్ ఉంది. అక్కడే ఉన్న భాగస్వామికి దరఖాస్తు నడుస్తుండగా ఓపెన్ వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి 2014 చివర్లో మొదలైంది. అమెరికాను పోలిన రెండేళ్ల షరతును 2012లో పెట్టి, హింసకు గురైనవారు ఆ బంధాల్లో చిక్కుకుపోతున్నారన్న విమర్శల తర్వాత 2017లో తీసేశారు. బ్రిటన్‌లో ఎడబాటుకు ప్రధాన కారణం ఆదాయ పరిమితి. 2012లో 18,600 పౌండ్లుగా పెట్టిన ఈ పరిమితి 2024 ఏప్రిల్‌లో 29,000కు పెరిగింది. భారతీయుడైన సురీందర్ సింగ్ కేసులో 1992లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల, మరో ఐరోపా సభ్యదేశంలో పనిచేసి తిరిగివచ్చిన పౌరులు భాగస్వామిని స్వదేశపు కఠిన నియమాలతో నిమిత్తం లేకుండా తెచ్చుకోగలిగారు. జర్మనీ 2007 నుంచి భాగస్వామికి ప్రాథమిక జర్మన్ భాషా పరీక్ష పెట్టింది, బ్లూకార్డు అనే నైపుణ్య ఉద్యోగ అనుమతి మీద ఉన్నవారి భాగస్వాములకు అది లేదు.

గల్ఫ్ దేశాల్లో కుటుంబ వీసా జీతంతో ముడిపడి ఉంటుంది. యూఏఈలో నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 ఉండాలి. నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి నిర్మాణ పనులకు, ఇంటి పనులకు వెళ్లినవారిలో ఎక్కువమంది జీతం ఆ గీత కిందే ఉంటుంది. వారికి స్పాన్సర్‌షిప్ అన్న మాటే లేదు. సెలవు దొరికిన నెలల్లో ఇంటికి రావడమే కాపురం. అమెరికా వలసపై తెలుగులో జరిగినంత చర్చ వీరి ఎడబాటు మీద జరగలేదు, బాధితుల సంఖ్య తక్కువ కావడం వల్ల మాత్రం కాదు.

భారత్‌కు వచ్చే విదేశీ భాగస్వామి

భారత పౌరుల విదేశీ భాగస్వాములకు ఎంట్రీ వీసా (ఎక్స్ వర్గం) లభిస్తుంది. 180 రోజులకు మించి ఉండేవారు విదేశీయుల నమోదు అధికారి దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. పెళ్లి నమోదై, దరఖాస్తుకు ముందు వరుసగా రెండేళ్లు కొనసాగి ఉంటే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అర్హత వస్తుంది. దీంతో దీర్ఘకాల నివాసం, ఉద్యోగం రెండూ సాధ్యం. విడాకులైతే ఆ కార్డు రద్దవుతుంది. పౌరసత్వ చట్టంలోని ఐదో సెక్షన్ కింద, ఏడేళ్లు భారత్‌లో సాధారణ నివాసం ఉన్న భాగస్వామి పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు కాబట్టి అమెరికన్ భాగస్వాములకు ఓసీఐ కార్డే ఎక్కువ అనుకూలం.